ఇసుకలో తాతయ్య

ఎండాకాలం సెలవుల్లో సముద్రానికి తీసుకెళితే, మనవరాలు తాతయ్యను మెడదాకా ఇసుకలో పూడ్చేసింది.

జెయింట్‌వీల్ టికెట్లతో వచ్చిన అమ్మమ్మకు ఆయన తల ఒక్కటే కనిపించింది.

"లేవండి, మన వంతు వచ్చేసింది."

"ఎలా లేవను? పిల్ల కదలొద్దంది," అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ మనవరాలిని కసిరింది. "తాతయ్యను ఇంత లోతుగా పూడుస్తారటే?"

పిల్ల బుంగమూతి పెట్టింది. "నేను నడుందాకా చాలన్నాను. నువ్వు టికెట్లు కొనడం చూసి, ఇంకా పూడ్చమని తాతయ్యే బతిమాలాడు."

అమ్మమ్మ ఆ తలకేసి చూసింది. "ఉద్యోగమంతా కరెంటు స్తంభాలెక్కిన మనిషికి భయమా?"

"స్తంభం తిరగదు కదే," అంది తల.

అమ్మమ్మ చెప్పులు విప్పి ఆయన పక్కన చతికిలబడింది. "మీకు సరదా అనుకుని కొన్నాను. నాకైతే పొద్దుట్నుంచీ కాళ్ళు వణుకుతున్నాయి. అమ్మడూ, నన్నూ పూడ్చెయ్యవే."