తీతువు గీసిన గీత

తెల్లారితే ఏనుగుల దండు అవతలి గట్టు తోడేళ్ల మీదికి కదలాలి. దారి చూసి రమ్మని దళపతి ఇద్దరిని పంపాడు: పైనుంచి చూసే గద్దని, నేల మీద నడిచి చూసే తీతువుని.

గద్ద వచ్చి ఇసుకలో గోళ్లతో పటం గీసింది. "ఇదంతా పచ్చిక బయలు. దండు నేరుగా పోవచ్చు దొరా."

తీతువు ఆ బయలుకి అడ్డంగా ఓ గీత గీసింది. "అది పచ్చిక కాదు, ఊబి మీద మొలిచిన గడ్డి. నా కాళ్లు చూడండి, మోకాళ్ల దాకా బురదే."

దళపతికి ఒళ్లు మండింది. "దండు బయల్దేరే వేళ అపశకునపు కూతలా? చెరుపు ఆ గీత!"

తీతువు వెళ్లి ఆ గీత మీదే నిలబడింది. "చెరపను. నా కూత వింటే అందరూ తిట్టేవాళ్లే, మీరూ తిట్టండి. ఇసుకలో గీత చెరిపితే అక్కడ ఊబి గట్టిపడదు."

తొక్కేస్తానని దళపతి కాలెత్తాడు.

"తొక్కండి. కానీ ముందు గద్దని ఆ పచ్చికలో నాలుగడుగులు నడిచి రమ్మనండి."

గద్ద రెక్కలు సర్దుకుంది. "నాకు నడిచే అలవాటు లేదు దొరా."

ఎత్తిన కాలు కాసేపు అలాగే ఆగింది. తర్వాత మెల్లగా, గీతకి ఇవతలే దిగింది.