నాలుగో శాలువా

"మళ్లీ శాలువాయేనా మేస్త్రీగారూ?" కొట్టాయన నవ్వాడు. "రేపు మీ ఆవిడ బిల్లుతో సహా తిరిగిచ్చేస్తుంది. మూడేళ్లుగా ఇదే వరస."

మేస్త్రీ చేయి శాలువా మీదే ఆగిపోయింది. ఎప్పుడడిగినా పెట్టెలో దాచానని చెప్పేది భార్య. పిసినారివని దెప్పేవాడు.

"ఆ డబ్బేం చేసేది?"

"మీకు జబ్బు చేస్తే పనికొస్తుందని దాచేదట. వాళ్ల నాన్న మందులకు డబ్బుల్లేకే పోయాడటగా."

మేస్త్రీ శాలువాను కొట్టాయన ముందుకు జరిపాడు. బతికినన్నాళ్లూ చలికి వణికిన తన తల్లికి తండ్రి కొన్న ఒకే ఒక్క శాలువా, శవం మీద కప్పినదే. భార్యకు ఆ గతి పట్టకూడదనే ఏటా కొనేవాడు. ఆ మాట ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

"కట్టెయ్యండి," అన్నాడు. "ఈసారి తిరిగి రాదు లెండి. మా ఆవిడ పొద్దున పోయింది. మీద కప్పాలి."