ధన్యవాదాలు అధ్యక్షా

ఇప్పుడు అసెంబ్లీలో అందరి చెవుల్లోనూ మాటల పూస ఉంటుంది, ఏం మాట్లాడాలో అందించే చిన్న యంత్రం. మంత్రికి జవాబు అదే చెబుతుంది, ప్రతిపక్ష ఎమ్మెల్యేనైన నాకు ప్రశ్నా అదే చెబుతుంది. ఏడో తరగతిలో బడి మానేసినోణ్ణి, పదేళ్లుగా నాకదే దిక్కు.

ఆ రోజు గ్యాలరీలో మా ఊరి లింగవ్వ కూర్చుంది. మా మండలంలో డయాలసిస్ కేంద్రం మూసేస్తున్నారు. ఆమె పెనిమిటి ప్రాణం దానిమీదే ఉంది. "పూస మాటలొద్దు సమ్మన్నా, నీ నోటితోని గట్టిగ అడుగు," అని పొద్దున్నే చెప్పింది. సరేనని పూస తీసి జేబులో వేసుకున్నా.

ఆరోగ్యమంత్రి లేచాడు. "మూసెయ్యట్లేదు అధ్యక్షా, పక్క జిల్లా కేంద్రంలో కలుపుతున్నాం."

అనుబంధ ప్రశ్నకు నా వంతొచ్చింది. వారానికి మూడుసార్లు డెబ్బై కిలోమీటర్లు రోగి ఎట్లా పోతాడయ్యా అంటే చాలు. లేచి అలవాటుగా చెవి తడిమాను; పూస జేబులో ఉంది. ప్రతి ప్రశ్న చివరా పూస అనిపించే మాట మాత్రం, పదేళ్ల అలవాటుకొద్దీ, దానంతటదే బయటికొచ్చింది.

"ధన్యవాదాలు అధ్యక్షా."

సభ్యుడు ఆ మాటంటే ప్రశ్న ముగిసినట్టే. అదే విషయం మళ్లీ ఆర్నెల్లదాకా అడగనివ్వరు. అధికారపక్షం బల్లలు చరిచింది. "సమ్మన్నగారు చల్లబడ్డారు!" అని ఎవడో నవ్వాడు.

బయట మెట్ల దగ్గర లింగవ్వ ఎదురొచ్చింది. "అందరు బల్లలు గొట్టిన్రు. మన కేంద్రం ఉంటది గద అన్నా?"

"ఆఁ," అన్నాను.

వెంటనే పెనిమిటికి ఫోను కలిపి, కేంద్రం ఉంటదని చెప్పి, నా చేతికిచ్చింది.

"బతికిచ్చినవ్ అన్నా," అన్నాడాయన, ఆయాసపడుతూ.

"ఆరోగ్యం జాగ్రత్త," అన్నాను.