బెండు పిడి

అంబలి అడుగంటకుండా ఒక చేత్తో గరిటె తిప్పుతూనే యమున రెండో చేత్తో చేపల కత్తి అందుకుంది. చోడిపిండి ఇంకా ఉడకాలి. తండ్రి వచ్చేలోగా ఈ రెండో పని కూడా అయిపోవాలి.

తండ్రి అప్పలసూరి రేషన్ బియ్యానికి వేలిముద్ర వెయ్యడానికి వెళ్ళాడు. గాలం కర్ర లేకుండా ఆయన గడప దాటడం ఏడాదిన్నరలో ఇదే మొదటిసారి. అంత పొడుగు కర్రతో లైన్లో నిలబడితే నలుగురూ నవ్వుతారని తల్లి అసిరమ్మ పోరగా పోరగా, దాన్ని మూలకి ఆనించి వెళ్ళాడు.

కర్ర అడుగున, చెయ్యి ఆనే చోట, వల తేలడానికి కట్టే బెండు చెక్కి తొడిగిన పిడి ఉంది. అది పెచ్చులు లేచి, వేళ్ళు పట్టుకున్న మేర గుంటలు పడింది. యమున గరిటె వదిలి, తన కుడిచేతి వేళ్ళు ఆ గుంటల్లో పెట్టి చూసింది. సరిపోలేదు. బొటనవేలి గుంట ఎక్కడో అవతలి పక్కన ఉంది. అయ్య చెయ్యి పెద్దది కదా అనుకుని, కత్తితో బెండు గీకడం మొదలుపెట్టింది.

"ఏటే అది?" చేపల గంప దించుకుంటూ అసిరమ్మ అడిగింది.

"పిడి మారుస్తన్నాను. సైకిల్ ట్యూబు సుట్టి, పైన నైలాన్ దారం బిగించేస్తాను."

"బాగు సేసి ఏటి సేస్తావు? రోజూ ఏరు సంద్రంలో కలిసే మొగ కాడికి ఎల్తాడు, పొద్దెక్కీదాకా కూకుంటాడు, ఒట్టి సేతుల్తో వస్తాడు. ఒక్క జెల్ల సేపయినా తెచ్చినాడా?"

"పిడి జారిపోతంటే సేపలేటి పడతాయే?"

"నీ పిచ్చి గానీ! ఎర కూడా అట్టుకెల్లడు మీ అయ్య."

యమున తల ఎత్తలేదు. "గంగరాజు మావ లచ్చివారం నుంచి అయ్యని తన బోటు మీదకి పనికి రమ్మన్నాడమ్మా. ఇదే ఆకరుసారి అన్నాడు. ఒక్క సేప పడితే సాలు, ఆ సేతులకి పని గుర్తొస్తాది. మాట కూడా వస్తాదేమో."

అసిరమ్మ నవ్వింది. ఆ నవ్వులో నమ్మకం లేదు.

ఏడాదిన్నర కిందట గాలివానలో బోటు తిరిగి వచ్చింది, యమున అన్న ధనరాజు రాలేదు. శవం కూడా దొరకలేదు. పోయినవాడి వస్తువు ఒక్కటి ఇంట్లో మిగిలినా గంగమ్మ రెండో మనిషిని అడుగుతుందని అసిరమ్మ భయం. పదకొండో రోజున చొక్కాలు, దువ్వెన, చెప్పులు, సెల్లు ఛార్జరు, చివరికి గోడ మీది ఫోటో కూడా గంపకెత్తి సముద్రంలో కలిపేసింది.

"ఆడి గాలం కర్ర మీ అయ్యే ఇసిరినాడు," అంది అసిరమ్మ, ఆ రోజే కళ్ళ ముందు ఉన్నట్టు. "రెండూ ఒకే వెదురుకి కోసిన జత. ఆడిది కెరటంలోకి ఇసిరి, తనది సంకలో ఎట్టుకుని వచ్చినాడు. 'ఇది నాది, ముట్టుకోకు' అన్నాడు. ఆ తరవాత గట్టిగా ఒక్క మాట మాటాడితే ఒట్టు. కన్నకొడుకు పోతే కర్ర మీద మమకారం ఏటే, ఆ మనిషికి?"

యమున గీకిన బెండంతా ఊడ్చి పొయ్యిలో వేసింది. నల్లటి పొగ లేచింది.

అసిరమ్మ దగ్గుతూ అంబలి గిన్నెల్లోకి వంచింది. మూడో గిన్నె దగ్గర ఆగింది. "ఆడు గిన్నె ఎడంసేత్తోనే ఎత్తీవోడు. నెత్తి మీద మొట్టీదాన్ని, కుడిసేత్తో తాగరా ఎదవా అని. ఇప్పుడొచ్చి ఏ సేత్తో తాగినా బాగున్ను."

యమున దారానికి కొవ్వొత్తి మైనం రుద్దింది. ట్యూబు మీద వరస పక్కన వరస, సందు లేకుండా చుట్టింది. వల ముడి వేసి కొస లోపలికి దోపింది. పిడి నున్నగా, ఎక్కడా చిన్న గుంటయినా లేకుండా తయారైంది.

అప్పలసూరి వచ్చాడు. చేతిలో సంచి ఖాళీగా వేలాడుతోంది.

"మళ్ళీ పడనేదా ముద్ర?" అసిరమ్మ అందుకుంది. "తాళ్ళు లాగి లాగి గీతలన్నీ అరిగిపోనాయి. నువ్వు బతికున్నావని మిసను కూడా నమ్మటం లేదు!"

ఆయన వినిపించుకోలేదు. తిన్నగా మూలకి వెళ్ళి కర్ర తీశాడు. చెయ్యి పిడి మీద పైకి జరిగింది, కిందికి జరిగింది. కర్రని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మళ్ళీ తడిమాడు.

"కొత్త పిడి అయ్యా," యమున సంబరంగా అంది. "ఇంక జారదు. ఒక్క సేప అట్టుకురా, పులుసెడతాను."

ఆయన కళ్ళు కత్తి మీదికి వెళ్ళాయి. తర్వాత నేల మీదికి.

"పాతదా? పొయ్యిలో ఏసేసినాను. పెచ్చులు ఊడిపోనాది కదా."

అప్పలసూరి పొయ్యి ముందు గొంతుకూర్చున్నాడు. వేడి బూడిదలో చెయ్యి పెట్టి కెలికాడు. వేళ్ళకి మసి తప్ప ఏమీ అంటలేదు. లేచి, కర్రని మూలకి ఆనించి, వాకిట్లోంచి బయటికి నడిచాడు.

"కర్ర ఒగ్గీసి ఎల్తన్నాడే!" అసిరమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఎవులూ సెప్పకుండానే ఒగ్గీసినాడు! గంగరాజు కాడికే. నీ పిడి పని సేసిందే, యమునా!"

యమున గడప దాటి నిలబడింది. ఇసకలో నడిచి వెళుతున్న తండ్రినే చూస్తోంది. ఆయన ఎడమ చెయ్యి ఇంకా దేన్నో పట్టుకున్నట్టు సగం ముడుచుకునే ఉంది. బొటనవేలి గుంట అవతలి పక్కన, ఎడమ చేతికి సరిపోయేలా ఉండటం ఆమెకి గుర్తొచ్చింది.

పదకొండో రోజున ఆయన సముద్రంలోకి విసిరింది తన కర్రని.