దేవదారు కొమ్మలు

"మీ బండి మీది కొమ్మలు నాకియ్యండమ్మా!"

1945 చలికాలం. జర్మనీ తూర్పు కొసన, గడ్డకట్టిన హాఫ్ సరస్సు ఒడ్డున, ఊళ్లొదిలి పారిపోతున్నవాళ్ల బండ్లన్నీ ఆగిపోయాయి. విమానాలకు కనబడకుండా ఎర్నా తన బండికి దేవదారు కొమ్మలు కప్పింది. లోపల అత్త, జ్వరంతో మూలుగుతున్న కూతురు. వెనక ఊళ్లోకి రష్యా ఫిరంగులు వచ్చేశాయి. బతకాలంటే ఈ మంచు దాటాలి.

అడిగినవాడిది రైతు కోటు, సిపాయి బూట్లు. కోటు కింద ప్యాంటు తడిసి బిగుసుకుపోయింది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"నువ్వెవడివి? ఇవ్వను, పో!"

"నేనొచ్చేదాకా బండి కదపొద్దు తల్లీ." కొమ్మలు లాగడం మొదలుపెట్టాడు.

"దొంగ సచ్చినోడు!" లోపల్నుంచి అత్త అరిచింది. "ఆ బూట్లు చూశావుటే? పారిపోయొచ్చిన సిపాయే వీడు!"

ఎర్నాకు ఒళ్లు మండింది. ఆమె మొగుడు ఇక్కడే పోరాడుతున్న జర్మన్ నాలుగో సైన్యంలో ఉన్నాడు. ఆ సైన్యాన్ని ఈ గతికి తెచ్చి, చితికిపోయాక కూడా వెనక్కి తగ్గనివ్వకుండా చంపుతున్నది పైవాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎర్నాకు ఎవరూ నేర్పలేదు. ఎదురుగా వీడు దొరికాడు.

"నా మొగుడక్కడ చస్తుంటే నువ్విక్కడ ఆడాళ్ల బండ్లు దోస్తావా?"

మెడలో గొలుసులకు వేలాడే రేకుబిళ్లలతో మిలిటరీ పోలీసులు అటే వచ్చారు. జనం చాటుగా వాళ్లని గొలుసుకుక్కలంటారు.

ఎర్నా వేలెత్తి చూపించింది. "వీడే!"

"కాగితాలేవిరా?"

"కో... కోటులో. అది తడిసి..."

"నీ దళమేది?"

అతను మంచు వైపు చూశాడు. "దాని కింద."

పోలీసులు పగలబడి నవ్వారు. "ఓహో, చేపల దళమా!"

విచారణంటే అంతే. టెలిఫోన్ స్తంభానికి ఉరి తీసి, 'పిరికివాణ్ణి' అని రాసిన అట్ట మెడకు తగిలించారు. గుప్పెట్లో కొమ్మ రెబ్బ అలాగే ఉంది.

"పీడా పోయింది," అంది అత్త.

పొగమంచు దిగింది. ఓపిక పట్టలేక పక్క బండివాళ్లు మంచు మీదికి తోలారు. కాస్త దూరం పోయాక గుర్రాలు ఒక్కసారి అరిచాయి. తర్వాత ఏమీ వినబడలేదు.

ఇంజినీర్ దళం అధికారి ఒకడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"కొమ్మల కోసం వచ్చినవాడేడి? నేనే పంపాను!"

"ఏ కొమ్మలు బాబూ?" అంది అత్త.

"దారి గుర్తుకి పాతేవి! గుండ్లు పడి మంచు పగిలింది. వాడి దళమంతా మునిగిపోయింది. వాణ్ణొక్కణ్ణే పైకి లాగి పొడి కోటు తొడిగాను. మంచు ఎక్కడ గట్టిగా ఉందో వాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు!"



"అమ్మా, ఇంక వెళ్దామా?" బండిలోంచి కూతురు అడిగింది.

ఎర్నా ఇందాకటి వేలే ఎత్తి, స్తంభం వైపు చూపించింది.