రెండో ఓటు

"ఎస్తోనియాలో ఓటేసేదీ, మందులు తెచ్చుకునేదీ ఈ కార్డుతోనే. దీని రహస్య సంఖ్య ఎవరికీ చెప్పకూడదు" అన్నాను, రెండో తరగతి పిల్లలకు నా గుర్తింపు కార్డు కంప్యూటర్‌కు పెట్టి చూపిస్తూ.

"మా అమ్మకు కూడానా టీచర్?"

"అమ్మకూ చెప్పకూడదు, మొగుడికీ చెప్పకూడదు."

పిల్లలు పకపకా నవ్వారు. ముందు బల్ల మీద కూర్చున్న మా అమ్మాయి లీలో చెయ్యెత్తింది.

"నాన్నకు నీది తెలుసుగా అమ్మా! నువ్వు ఇంట్లో ఓటేశాక, నాన్న నీ కార్డుతో మళ్ళీ వేశాడు. ఎన్నిసార్లు వేసినా చివరిదే లెక్కంట."

"ఎవరికేశాడు?" అని అడిగాను.

"ఈ బడి మూసేస్తానన్నాయనకి. బడి లేకపోతే అమ్మ ఇంటిపట్టునే ఉంటుందన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆ పెద్దమనిషి గెలిచాడు. జూన్‌లో మా ఊరి బడి మూత. ఫలితాలు వచ్చిన రోజు మా ఆయన రైవో, "ఊరుకోవే, మనం చేయగలిగింది చేశాం" అని నన్ను దగ్గరకు తీసుకున్నాడు. అతని భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చాను.

పిల్లలు నా మొహంలోకే చూస్తున్నారు. నాన్నకు సంఖ్య ఎలా తెలిసిందని మా అమ్మాయిని అందరి ముందూ అడగలేకపోయాను.

"ఇప్పుడు సంఖ్య ఎలా మార్చాలో చూద్దాం. నేను నొక్కేటప్పుడు అందరూ కళ్ళు మూసుకోవాలి" అన్నాను.

అందరూ చేతులతో కళ్ళు మూసుకున్నారు. చివరి అంకె నొక్కబోతూ ఎందుకో తలెత్తాను.

లీలో వేళ్ళ సందుల్లోంచి నా చేతినే చూస్తూ, అంకెలు లోలోపల వల్లె వేసుకుంటోంది.