పత్రిక మీది శ్రీ

"తుకారామన్నా, తెరుచుకుంటలేదు!"

కల్పలత అరుపుకు, పెళ్లికూతురి తండ్రి తుకారాం కుర్చీలోంచి లేచాడు.

రెజిమెంటల్ బజార్‌లో ఆమెది చిన్న ప్రింటింగ్ షాపు. నిన్ననే కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించారు. ఇవాళ పెళ్లి పత్రికలు టైపు చేసే పాత తెలుగు సాఫ్ట్‌వేర్ నొక్కితే ఒకటే మాట: అది నడవడానికి కావలసిన ఏదో లైబ్రరీ ఫైలు లేదట.

"పన్నెండుకు రాహుకాలం షురూ అయితదమ్మా! ఆలోపు మొదటి పత్రిక స్టేషన్ కాడి గుడిల గణపతి ముందు పెట్టాలె. ఇయ్యాల తప్పితే పది దినాల దాక మంచిరోజు లేదు. పెండ్లికి పదిహేను దినాలే ఉంది!"

గడియారంలో పదకొండుంబావు.

"వేరే అక్షరాలల్ల కొట్టియ్యనా?"

"వద్దు. మా ఇంట్ల అన్ని పెండ్లి పత్రికల మీద ఈ అక్షరాల శ్రీయే. దీనికోసమే బొల్లారం నుంచి వచ్చిన."

నిజమే. ఆ శ్రీ అందమే వేరు. కింది వత్తు చుట్టూ తిరిగి వచ్చి, అక్షరాన్ని ఒళ్లో కూచోబెట్టుకున్నట్టుండేది.

కంప్యూటర్లు బాగుచేసే విజయేందర్‌కు కల్పలత ఫోన్ చేసింది.

"అది ఇగ నడవదక్కా. కొత్తది కొను." పెట్టేశాడు.

జిరాక్స్ కోసం ఆధార్ కార్డుతో బల్ల మీద కూచున్న ముసలాయన దగ్గాడు.

"పాత కంప్యూటర్ ఉందా తల్లీ?"

"జెర ఆగు తాతా! మేమే పరేషాన్ల ఉన్నం."

"ఆ ఫైలు సాఫ్ట్‌వేర్‌ది కాదు, సిస్టంది. కొత్తదాంట్ల తీసేసిన్రు. పాతదాంట్ల ఉంటది."

"పెద్దమనిషీ, గిది రేడియో కాదు, ఒక్కటి కొడితే పాడనీకె!" అన్నాడు తుకారాం.

కల్పలతతో పాటు ముసలాయన కూడా నవ్వాడు.

అయినా కాగితం కట్టల వెనక నుంచి పాత కంప్యూటర్ బయటికొచ్చింది. దుమ్ము దులిపారు. గుర్రుమంటూ లేచింది. ఆయన ఆ ఫైలు పేరు ఎక్కడా చూడకుండానే కొట్టాడు. పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కొత్తదాంట్లో పెట్టాడు.

"నొక్కు."

తెరుచుకుంది!

"వచ్చింది! వచ్చింది!" కల్పలత చప్పట్లు కొట్టింది.

"గణపయ్యా!" తుకారాం రెండు చేతులూ ఎత్తాడు.

తెర మీద 'శ్రీరస్తు' మెరిసింది. ముసలాయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఆ శ్రీ కొస జెర పొడుగైంది కదా?"

"శ్రీకి వంకలు పెడతవా తాతా! రోజూ దానికి మొక్కినంకనే పని షురూ చేస్త. దాన్ని గీసినాయన చేతిల దేవుడుండె."

ఆయన కీబోర్డు పక్కనున్న పెన్సిల్ అందుకున్నాడు.

పదకొండూ నలభైకి మొదటి పత్రిక నాలుగు మూలలా పసుపు పూసుకుని ఆటో ఎక్కింది.

కల్పలత వెనక్కి తిరిగింది. బల్ల ఖాళీ. జిరాక్స్ తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

బజారులోకి పరిగెత్తింది. ఎవరని పిలవాలి? పేరైనా అడగలేదే!

తిరిగొస్తే కీబోర్డు కింద పెన్సిల్‌తో రాసిన చీటీ: 'సిస్టం మార్చే ముందు ఈ ఫైలు దాచుకో తల్లీ.'

ఏ కాగితమైనా దేవుడి పేరుతో మొదలుపెట్టే అలవాటు కాబోలు, పైన శ్రీ రాశాడు. కింది వత్తు చుట్టూ తిరిగి వచ్చి అక్షరాన్ని ఒళ్లో కూచోబెట్టుకుంది, కొస మాత్రం కొంచెం పొట్టిగా.